అంటుకునే, వెలిగే హైడ్రోజెల్: ప్రాజెక్టు పిల్లలు పదే పదే అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నా ఫోనుకు ఒకే రకం మెసేజీలు వస్తాయి. "అక్కా, జెల్ గడ్డలు కట్టింది." "అక్కా, లైటు వేస్తే వెలగడం లేదు." "అక్కా, నిన్న అంటుకుంది, ఈరోజు ఊడిపోయింది." ఒకే జవాబును పదిమందికి టైపు చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు సరిపోయేలా రాశాను కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ జెల్ మీద మనకు మూడు కోరికలున్నాయి. అంటుకోవాలి, వెలగాలి, తెగితే మళ్ళీ కలవాలి. ఈ మూడూ సవతుల్లాంటివి. ఒకదానికి పెట్టే ముద్ద ఇంకోదాని కంచంలోంచే తీయాలి. మీకు ఎదురయ్యే తంటాల్లో సగానికి పైగా అక్కడ పుట్టినవే.

## మొదలుపెట్టక ముందు

హైడ్రోజెల్ అంటే ఏంది అక్కా? జెల్లీ లాంటిదేనా?

అవును, అదే జాతి. సబ్జా గింజను నీళ్ళలో వేస్తే చుట్టూ జిగటగా ఒక పొర పట్టుకుంటుంది కదా, అది హైడ్రోజెల్. తాటిముంజ కూడా అంతే. పొడవాటి పాలిమర్ పోగులు అక్కడక్కడ ముడులు పడి వలలాగా ఉంటాయి, ఆ వల సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. చాలా జెల్స్‌లో బరువులో 90 శాతం దాకా నీళ్ళే.

ముడులు లేకపోతే అది జెల్ కాదు, చిక్కటి ద్రావణం. నీళ్ళలో వేసినప్పుడు కరిగిపోకుండా ఉబ్బితే ముడులు ఉన్నట్టు. 1960లో ఒట్టో విఖ్టర్లే, ద్రాహొస్లావ్ లిమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు ఇలాంటి జెల్స్‌ను శరీరంలో వాడవచ్చని ప్రకటించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అందులోంచే వచ్చాయి. 1961 క్రిస్మస్ సెలవుల్లో విఖ్టర్లే తన ఇంట్లో పిల్లల మెకానికల్ బొమ్మల సెట్టుతో లెన్సులు పోసే యంత్రం తయారు చేసుకున్నాడు. ల్యాబులో పరికరాలు లేవని దిగులుపడే వాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఇది.

ఉత్క్రమణీయ బంధం అంటే తెగి మళ్ళీ కలిసేదే కదా, అలాంటిది బలంగా ఎట్లుంటుంది?

బ్రహ్మోత్సవాల గుంపులో ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని నడుస్తారు. తోపులాటలో ఒక చెయ్యి జారుతుంది, రెండు అడుగుల తర్వాత మళ్ళీ దొరుకుతుంది. ఏ క్షణంలో చూసినా ఎక్కువ చేతులు పట్టుకునే ఉంటాయి కాబట్టి కుటుంబం చెదిరిపోదు. వీళ్ళందరినీ తాడుతో కట్టేశామనుకోండి. తాడు తెగే దాకా బలమే, తెగితే మాత్రం మళ్ళీ కలిపేవాడు ఉండడు.

మామూలు సమయోజనీయ బంధం తాడు. ఇమీన్, బోరోనేట్ లాంటివి చేతులు. ఒక్కో బంధం బలహీనమే అయినా లెక్కలేనన్ని ఉంటాయి. పైగా లాగినప్పుడు కొన్ని తెగి శక్తిని మింగేస్తాయి, అందుకే జెల్ పుటుక్కున పగిలిపోదు. జిగురుగా పనికొచ్చేది ఈ గుణమే.

ఇన్ని రకాల బంధాలున్నాయి, ప్రాజెక్టుకు ఏది తీసుకోమంటారు?

మూడు నాలుగు నెలలే చేతిలో ఉంటే ఇమీన్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఆల్డిహైడ్, ఎమీన్ కలిస్తే ఒక నీటి అణువు బయటికి పోయి ఇమీన్ వస్తుంది. 1864లో హ్యూగో షిఫ్ కనిపెట్టాడు కాబట్టి షిఫ్ బేస్ అని కూడా అంటారు. గది ఉష్ణోగ్రతలో, నీళ్ళలో, ఉత్ప్రేరకం లేకుండా జరిగిపోతుంది. ఆమ్లం తగిలితే విడిపోతుంది.

బోరోనేట్ ఈస్టర్ ఇంకా తొందరగా తెగి కలుస్తుంది. అయితే దానికి క్షార మాధ్యమం ఇష్టం. ఫినైల్ బోరోనిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు ఆవేశం మార్చుకునే పీహెచ్) సుమారు 8.8. శరీరపు పీహెచ్ 7.4 దగ్గర అది కాస్త నీరసంగానే ఉంటుంది. గ్లూకోజు తగిలితే బంధం మారిపోతుంది కాబట్టి షుగరు సెన్సర్లు చేసేవాళ్ళకు ఇది ముద్దు. ఎసైల్ హైడ్రజోన్ ఇమీన్ కంటే గట్టిది, కాస్త ఆమ్లం ఉంటేనే కదులుతుంది. డైసల్ఫైడ్ థయోల్స్‌తో (గంధకం ఉన్న గుంపులతో) మారుతుంది, వాసన భరించాలి.

వేడికి తెగి కలిసే డీల్స్–ఆల్డర్ బంధాన్ని మాత్రం కాగితం మీద చూసి మోసపోవద్దు. ఫ్యూరాన్–మాలిమైడ్ బంధం విడిపోవాలంటే మామూలుగా 100 డిగ్రీలు దాటాలి. అప్పటికి మీ హైడ్రోజెల్‌లో నీళ్ళే ఉండవు.

జిగురుకు వెలుగెందుకు? చూడ్డానికి బాగుంటుందనా?

ఫొటో బాగా వస్తుందన్నది నిజమే, చాలామంది అందుకే చేస్తారు కూడా. అసలు ఉపయోగం వేరు. పారదర్శకమైన జిగురు ఎక్కడ పడిందో, ఎక్కడ పలచబడిందో మామూలు కంటికి కనబడదు. అతినీలలోహిత కాంతి కింద పెడితే అంచు, పగులు, మిగిలిపోయిన ముక్క అన్నీ తెలుస్తాయి. జెల్ కరుగుతుంటే వెలుగు తగ్గుతుంది, దాన్ని కొలిచి ఎంత మిగిలిందో అంచనా వేయవచ్చు. పీహెచ్‌కు స్పందించే రంజకం (డై) పెడితే గాయం మీది పట్టీని విప్పకుండానే లోపల పరిస్థితి చెప్పించవచ్చన్నది ఇంకో ఆశ. నకిలీ సరుకును పట్టే ముద్రలు, లోహ అయాన్లను గుర్తించే సెన్సర్లు కూడా ఈ దారిలోవే.

ప్రతిదీప్తి అంటే ల్యాబు విషయమేనా, మన చుట్టూ ఎక్కడైనా ఉందా?

మన శేషాచలం కొండల్లోనే ఉంది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున షుగరు ఉన్నవాళ్ళు తాగడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్ళు ముందు పసుపుగా, గోధుమ రంగుగా కనిపిస్తాయి. ఎండలో పక్కనుంచి చూస్తే నీలి జీర మెరుస్తుంది. ఒక రంగు కాంతిని మింగి ఇంకో రంగులో వెలగడం, అదే ప్రతిదీప్తి.

ఇదే సంగతి చరిత్రలోనూ ఉంది. 1565లో నికొలాస్ మొనార్దెస్ అనే స్పెయిన్ వైద్యుడు, మెక్సికో నుంచి వచ్చిన ఒక చెక్కను నానబెట్టిన నీళ్ళు నీలంగా మారతాయని రాశాడు. ప్రతిదీప్తి గురించిన తొలి రాతల్లో అదొకటి. తర్వాతి కాలంలో అదే పేరుతో యూరప్‌లో తిరిగిన ఇంకో చెక్క ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేది. అది టీరోకార్పస్ ప్రజాతి. మన వేగిస, మన ఎర్రచందనం కూడా ఆ ప్రజాతివే. 1852లో జార్జ్ స్టోక్స్ ఈ గుణాన్ని వివరించి దానికి పేరు పెట్టాడు.

ఇది చదివి ఎర్రచందనం చెక్క ముక్క ఎక్కడ దొరుకుతుందా అని వెతకొద్దు. ఆ ముక్కకు కాగితాలు లేకపోతే ప్రాజెక్టు రిపోర్టు బదులు ఎఫ్ఐఆర్ వస్తుంది. బజార్లో అమ్మే వేగిస గ్లాసు చాలు.

## పదార్థాలు ఎంచుకునేటప్పుడు

చైటోసాన్ నీళ్ళలో కరగడం లేదు, పాడైపోయిందా?

పాడైపోలేదు, దాని గుణమే అంత. రొయ్యల పెంకులోని కైటిన్ నుంచి ఎసిటైల్ గుంపులు తీసేస్తే చైటోసాన్ వస్తుంది. మన జెల్‌లో ఎమీన్ వైపు ఇదే. దాని ఎమీన్ల పీకేఏ సుమారు 6.5. ఆమ్లంలో ధనావేశం వస్తేనే కరుగుతుంది. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో 2 శాతం చైటోసాన్ వేసి రాత్రంతా కలపండి, కరుగుతుంది.

చిక్కు ఏమిటంటే, కరగడానికి ఆమ్లం కావాలి, ఇమీన్ ఏర్పడటానికి ఆవేశం లేని ఎమీన్ కావాలి. ఈ గొడవ తప్పించుకోవాలంటే కార్బాక్సీమిథైల్ చైటోసాన్ కొనండి. పీహెచ్ 7.4 బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) హాయిగా కరుగుతుంది. ధర ఎక్కువే, కానీ మిగిలే వారాల ముందు ఆ ధర లెక్కలోకి రాదు.

ఆల్డిహైడ్ వైపు గ్లుటరాల్డిహైడ్ వాడితే తొందరగా అయిపోతుంది కదా?

అవుతుంది. జెల్ కూడా వస్తుంది, కాస్త వెలుగు కూడా వస్తుంది. గ్లుటరాల్డిహైడ్ తగిలిన చైటోసాన్ తనంతట తానే ప్రతిదీప్తి చూపుతుంది. కానీ అది కణాలకు విషం, ముక్కు, కళ్ళు మండిస్తుంది, జెల్ పెళుసుగా తయారవుతుంది. చిన్న అణువు కాబట్టి మిగిలినది జెల్‌లోంచి బయటికి కారుతుంది.

దాని బదులు డెక్స్‌ట్రాన్ అనే గ్లూకోజు పాలిమర్‌ను సోడియం పెరియోడేట్‌తో ఆక్సీకరిస్తే పాలిమర్ గొలుసు మీదే ఆల్డిహైడ్లు వస్తాయి. లెక్క చూడండి. 5 గ్రాముల డెక్స్‌ట్రాన్‌ను ఒక గ్లూకోజు యూనిట్ అణుభారం 162తో భాగిస్తే దాదాపు 31 మిల్లీమోల్ గ్లూకోజు యూనిట్లు. ప్రతి 100 యూనిట్లకు 20 పెరియోడేట్ అణువులు పెట్టాలనుకుంటే 6.2 మిల్లీమోల్, అంటే సుమారు 1.3 గ్రాములు. చీకట్లో కలపాలి, సీసాకు అల్యూమినియం రేకు చుట్టండి. కొన్ని గంటల తర్వాత ఎథిలీన్ గ్లైకాల్ పోసి మిగిలిన పెరియోడేట్‌ను చంపి, నీళ్ళు మారుస్తూ మూడు రోజులు డయాలిసిస్ చేసి (పొర సంచిలో పెట్టి చిన్న అణువులను కడిగేసి), ఫ్రీజ్ డ్రై చేయండి (గడ్డకట్టించి ఆరబెట్టండి). పెరియోడేట్ గట్టి ఆక్సీకరణి, దాన్ని కాగితం, స్పిరిట్ పక్కన పెట్టొద్దు.

ఆల్డిహైడ్ ఎంత వచ్చిందో హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్‌తో చర్య జరిపి, విడుదలైన ఆమ్లాన్ని టైట్రేట్ చేసి తెలుసుకోవచ్చు. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 1730 తరంగ సంఖ్య దగ్గర శిఖరం కనబడలేదని ఏడవకండి. ఆ ఆల్డిహైడ్లు పక్కనున్న హైడ్రాక్సిల్స్‌తో కలిసి హెమిఎసిటాల్‌గా ముసుగేసుకుంటాయి.

వెలుగు కోసం ఏం కలపాలి? ఏదో ఒక డై వేసి కలిపేస్తే సరిపోదా?

వెలుగుతుంది, మర్నాడు జెల్ నానబెట్టిన నీళ్ళు కూడా వెలుగుతాయి. కలిపిన డై వలకు కట్టుబడి ఉండదు, మెల్లగా కారిపోతుంది. జెల్‌ను 24 గంటలు బఫర్‌లో ఉంచి ఆ బఫర్‌ను దీపం కింద చూడండి. బఫర్ వెలిగితే మీ జెల్ ప్రతిదీప్త జెల్ కాదు, డై నానిన స్పాంజి.

రంజకాన్ని బంధంతో కట్టాలి. ఎమీన్ ఉన్న రంజకమైతే ఆల్డిహైడ్ పాలిమర్‌కు పట్టుకుంటుంది. చైటోసాన్ ఎమీన్లలో కొన్నింటికి సాలిసిలాల్డిహైడ్ తగిలిస్తే, ఆ ఇమీన్ పక్కనే ఉన్న ఫినాల్ ప్రోటాన్ ఉత్తేజిత స్థితిలో అటు నుంచి ఇటు దూకుతుంది. దానివల్ల గ్రహించిన కాంతికి, వెలువడే కాంతికి మధ్య దూరం బాగా పెరుగుతుంది, కొలవడం తేలిక. ఇందులో నాకు నచ్చేది, ముడి వేసే బంధం, వెలిగే బంధం ఒకే కుటుంబం కావడం.

మామూలు రంజకాల సాంద్రత పెంచితే ఒకదాన్నొకటి ఆర్పేసుకుంటాయి. దీనికి విరుగుడుగా 2001లో బెన్ ఝాంగ్ టాంగ్ బృందం గుంపు కట్టినప్పుడే వెలిగే అణువుల గురించి చెప్పింది. టెట్రాఫినైల్ఎథిలీన్ లాంటి వాటికి విడిగా ఉంటే బెంజీన్ ఉంగరాలు గిరగిరా తిరుగుతూ శక్తి అంతా తిరుగుడులోనే పోతుంది. కిక్కిరిసిన కొండ బస్సులో నిలబడ్డట్టు ఇరుక్కుంటే తిరగడానికి చోటుండదు, ఇక వెలగక తప్పదు.

యూరోపియం ఎర్రగా 615 నానోమీటర్ల దగ్గర, టెర్బియం పచ్చగా 545 దగ్గర వెలుగుతాయి. అందమైన గీతలే, కానీ నీటి అణువుల ఓహెచ్ కంపనాలు వాటిని ఆర్పేస్తాయి. హైడ్రోజెల్‌లో నీళ్ళకు కొదవా?

మామిడాకులతో కార్బన్ డాట్లు చేసి కలుపుతాం, చిత్తూరు మామిడి అని టైటిల్ బాగుంటుంది కదా?

కార్బన్ డాట్లంటే వెలిగే నానో కార్బన్ నలకలు. టైటిల్ బాగుంటుంది. ఆకు మారితే, చెట్టు మారితే, నెల మారితే ఫలితం మారుతుంది, వైవాలో "దీని నిర్మాణం ఏమిటి" అంటే నీళ్ళు నమలాలి. సిట్రిక్ ఆమ్లం, ఎథిలీన్ డైఎమీన్ ఆటోక్లేవ్‌లో పెట్టి 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే నీలంగా బ్రహ్మాండంగా వెలిగే డాట్లు వస్తాయి. వాటి మీది ఎమీన్లు ఆల్డిహైడ్లతో ముడిపడతాయి కూడా. డయాలిసిస్ మాత్రం మానొద్దు. ఈ చర్యలో చిన్న ప్రతిదీప్త అణువులు కూడా పుడతాయి. కడగకపోతే వెలుగు డాట్లదా, వాటిదా అన్నది తేలదు.

కలంకారీ నలుపు లాగా ఇనుము, కరక్కాయ టానిన్ వాడితే బాగా అంటుకుంటుందని చదివాం, నిజమేనా?

నిజమే, మంచి ఆలోచన. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ద్రవంతో దాని మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌ను ఇనుము సమన్వయ బంధంతో పట్టుకోవడమే ఆ నలుపు. సముద్రపు ఆల్చిప్పలు రాళ్ళకు అంటుకునే ప్రొటీన్లలోని డోపా కూడా ఇలాగే పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్స్ ఉన్న ఉంగరమే. కాబట్టి టానిన్ జెల్ గాజుకు, లోహానికి, చర్మానికి అన్నిటికీ అంటుకుంటుంది.

కానీ మీ టైటిల్‌లో 'వెలిగే' అన్న మాట ఉంది. ఫెర్రిక్ అయాన్ ప్రతిదీప్తిని ఆర్పడంలో దిట్ట. పైగా ఆ నల్లటి సంకీర్ణం పడిన కాంతిని తనే మింగేస్తుంది. చాలా ప్రతిదీప్త జెల్స్‌ను ఇనుము సెన్సర్లుగా వాడేది ఆ గుణం వల్లనే. ఇనుము కలిపి ఆ తర్వాత "వెలగడం లేదక్కా" అని ఫోన్ చేసినవాళ్ళు ముగ్గురున్నారు. టానిన్ కావాలంటే ఇనుము లేకుండా, కొద్దిగా వాడండి. హైడ్రోజన్ బంధాలతోనే కొంత పని జరుగుతుంది.

## చేసేటప్పుడు

రెండూ కలపగానే గడ్డలు కట్టింది, పెరుగు విరిగినట్టుంది.

రెండు కారణాలుంటాయి. ఒకటి, ఆక్సీకరించిన ఆల్జినేట్ (సముద్రపు నాచు పాలిమర్), మామూలు చైటోసాన్ కలిపి ఉంటారు. ఒకటి ఋణావేశం, ఇంకోటి ధనావేశం. ఇమీన్ ఏర్పడే లోపలే అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుని ముద్ద కడతాయి. దాన్ని షిఫ్ బేస్ జెల్ అని రాసేస్తే తప్పు. ఆవేశం లేని డెక్స్‌ట్రాన్‌కు మారండి.

రెండోది, కలిపే వేగం కన్నా గట్టిపడే వేగం ఎక్కువైంది. ద్రావణాలను చల్లబరచండి, పలచన చేయండి, పీహెచ్ కొంచెం తగ్గించండి. రెండు సిరంజిలను ఒక కనెక్టరుతో కలిపి అటూ ఇటూ నొక్కితే బీకరులో గాజు కడ్డీతో తిప్పడం కంటే ఎంతో సమంగా కలుస్తుంది. 3 శాతం కార్బాక్సీమిథైల్ చైటోసాన్, 10 శాతం ఆక్సీకరించిన డెక్స్‌ట్రాన్ సమాన ఘనపరిమాణాల్లో మొదలుపెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ జరుపుకోండి.

ఎంతసేపు ఉంచినా గట్టిపడటం లేదు.

ముందు చెప్పండి, ఏ బఫర్? ట్రిస్ అయితే దొంగ దొరికినట్టే. ట్రిస్‌లోనే ప్రాథమిక ఎమీన్ ఉంది. మీ ఆల్డిహైడ్లను చైటోసాన్ కన్నా ముందు అదే తినేస్తుంది. అమోనియం లవణాలు, గ్లైసిన్ ఉన్న బఫర్లూ అంతే. ఫాస్ఫేట్ వాడండి. బఫర్ సరైనదే అయితే పీహెచ్ 5 కన్నా కింద ఉందేమో చూడండి. అదీ కాకపోతే ఆక్సీకరించిన డెక్స్‌ట్రాన్ పాతబడి ఉంటుంది.

డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది, బోరు నీళ్ళు వాడొచ్చా?

వద్దు. మా వీధి బోరు నీళ్ళలో ఆల్జినేట్ వేస్తే కాల్షియంతోనే నలకలు కట్టింది. తుప్పు పైపు నీళ్ళలో ఇనుము ఉంటే వెలుగుకు దెబ్బ.

స్కూలు పిల్లలకు చూపించడానికి ఇంట్లో చేసే పద్ధతి ఉందా?

ఉంది. పాలీవినైల్ ఆల్కహాల్‌ను 4 శాతం ద్రావణంగా వేడి నీళ్ళలో కరిగించి చల్లార్చండి. కిరాణా కొట్లో దొరికే వెలిగారం కూడా 4 శాతం ద్రావణం చేసుకోండి. మొదటిది పది వంతులకు రెండోది ఒక వంతు మెల్లగా పోస్తూ కలిపితే సాగే ముద్ద వస్తుంది. బోరేట్ అయాన్ రెండు గొలుసుల హైడ్రాక్సిల్స్‌ను పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. నిమ్మరసం పిండితే నీరైపోతుంది. వంటసోడాతో ఆమ్లాన్ని చంపితే మళ్ళీ ముద్ద కడుతుంది. దీనికన్నా మంచి పాఠం లేదు.

వెలుగు కోసం పసుపు హైలైటర్ పెన్నులోని పోగును నీళ్ళలో పిండి కలపండి. వంటింటి పసుపు వేయాలనిపిస్తుంది, వేయొద్దు. పసుపు, వెలిగారం కలిస్తే ఎర్రబడుతుంది. పాతకాలంలో ఇళ్ళలో కుంకుమ చేసింది ఆ కిటుకుతోనే. ఎర్రబడ్డాక వెలుగు తగ్గిపోతుంది. వెలిగారం కడుపులోకి పోకూడదు, చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, ఆట అయ్యాక అందరూ చేతులు కడుక్కోవాలి.

## అతుకును పరీక్షించేటప్పుడు

ఎంత బలంగా అంటుకుందో చెప్పడానికి మా దగ్గర మిషన్ లేదు.

ముందు బరువుతో మొదలుపెట్టండి. రెండు గాజు స్లైడులను 2 సెంటీమీటర్లు, 2.5 సెంటీమీటర్లు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి మధ్యలో జెల్ పెట్టండి. అతుకు విస్తీర్ణం 5 చదరపు సెంటీమీటర్లు. కింది స్లైడుకు సీసా కట్టి నీళ్ళు నింపుతూ పోండి. మొత్తం 500 గ్రాముల దగ్గర ఊడిందనుకుందాం. బలం 4.9 న్యూటన్లు, విస్తీర్ణంతో భాగిస్తే 9.8 కిలోపాస్కల్. ఇదే ల్యాప్ షియర్ పరీక్షకు బీద చుట్టం. రిపోర్టుకు మాత్రం పెద్ద ల్యాబులో యూనివర్సల్ టెస్టింగ్ మిషన్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్2255 ప్రామాణిక పద్ధతిలో చేయించండి.

గాజు మీది అంకె చూసి చర్మం మీద కూడా అంతే అనుకోవద్దు. కోడి చర్మమో, మేక చర్మమో తెచ్చి, కొవ్వు గీకి, కడిగి, తడి ఆరకుండా చేయండి. ప్రతి సెట్టుకు కనీసం ఐదు నమూనాలు. ఒకే ఒక్క మంచి అంకె తెచ్చి సగటు అని రాసేవాళ్ళను చూశాను. అది నమూనా కాదు, అదృష్టం.

ముడులు పెంచితే అతుకు పెరగాలి కదా, తగ్గుతోందేంటి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. చర్మం మీద ప్రొటీన్లలో ఎమీన్లు ఉన్నాయి. జెల్‌లో ఖాళీగా ఉన్న ఆల్డిహైడ్లు వాటితో ఇమీన్ కట్టుకుంటేనే అతుకు. జెల్ లోపల గట్టిదనం కావాలన్నా అవే ఆల్డిహైడ్లు చైటోసాన్‌తో ముడి వేసుకోవాలి. ఎమీన్ రంజకం కట్టారా, దానికీ అవే ఆల్డిహైడ్లు కావాలి. ఉన్నది ఒకే కుండ, ముగ్గురు గరిటె పట్టుకుని నిలబడ్డారు.

ఆల్డిహైడ్లు మిగిల్చితే పట్టు బాగుంటుంది, జెల్ లోపల మెత్తబడి మధ్యలో చీలుతుంది. అన్నీ ముడులకు ఖర్చుపెడితే జెల్ గట్టిదే, కానీ స్టిక్కరు కాగితంలాగా అంచు నుంచి లేచిపోతుంది. ఊడిన తర్వాత రెండు ముక్కలనూ అతినీలలోహిత దీపం కింద పెట్టండి. రెండు వైపులా వెలుగుంటే జెల్ లోపల చీలింది, ముడులు పెంచాలి. ఒకవైపే వెలుగుండి రెండోవైపు శుభ్రంగా ఉంటే పట్టు చాలలేదు, ఖాళీ ఆల్డిహైడ్లు పెంచాలి. వెలిగే జెల్ చేసినందుకు మీకు దక్కే మొదటి లాభం ఇదే.

ఆల్డిహైడ్–ఎమీన్ నిష్పత్తిని ఐదు రకాలుగా మార్చి గ్రాఫు గీస్తే మధ్యలో ఎక్కడో ఒక గుట్ట వస్తుంది. ఆ గుట్ట ఎక్కడుందో చెప్పగలిగితే మీ ప్రాజెక్టు నిలబడ్డట్టే.

కోసి కలిపితే అతుక్కుంది, ఫొటో తీశాం. దానంతట అది మానుతుందని రాయొచ్చా?

ఫొటో ఒక్కటి చాలదు. వెలిగారం ముద్ద లాంటివి కోయకుండా వదిలేసినా పల్లానికి జారతాయి. అది మానడం కాదు, పారడం. రియోమీటర్ (మెత్తటి పదార్థాల గట్టిదనం కొలిచే పరికరం) మీద ముందు 1 శాతం వికృతి (ఆకారం మారడం), తర్వాత 300 శాతం లాంటి పెద్ద వికృతి ఇచ్చి, మళ్ళీ 1 శాతానికి రండి. స్థితిస్థాపక గుణకం పడిపోయి తిరిగి లేవాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే ఎవరూ నోరెత్తరు.

బంధం వల్లనే మానుతోందని చూపాలంటే ఒక పోటీ నమూనా కావాలి. సోడియం బోరోహైడ్రైడ్‌తో ఇమీన్లను క్షయకరించండి. ముడి మామూలు ఎమీన్‌గా మారి శాశ్వతమైపోతుంది. ఆ జెల్ ఆమ్లంలో కరగదు, కోస్తే కలవదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపండి.

## వెలుగును కొలిచేటప్పుడు

దీపం కింద అన్నీ వెలుగుతున్నాయి, మా జెల్ ఏదో తెలియడం లేదు.

నోట్లు పరీక్షించే చిన్న దీపంతో చూస్తున్నారు కదా. దానిలోంచి ఊదా కాంతి కూడా బోలెడు వస్తుంది. 365 నానోమీటర్ల దీపం, నల్లటి అట్ట, చీకటి గది ఉండాలి. తెల్ల కాగితం, డిటర్జెంటుతో ఉతికిన తెల్ల చొక్కా, టిష్యూ ఇవన్నీ నీలంగా వెలుగుతాయి, వాటిలో తెలుపు పెంచే రసాయనాలుంటాయి. రంజకం లేని జెల్‌ను పక్కన పెట్టి ఒకే ఎక్స్‌పోజరుతో ఫొటో తీయండి. 254 దీపం కళ్ళకూ చర్మానికీ ప్రమాదం, కళ్ళజోడు లేకుండా ముట్టుకోవద్దు.

350 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరిస్తే 397 దగ్గర చిన్న శిఖరం వస్తోంది. కొత్త శిఖరమా?

కొత్తది కాదు, మన సి.వి. రామన్ గారిది. నీటి ఓహెచ్ కంపనం దాదాపు 3400 తరంగ సంఖ్యలు మింగి మిగిలిన కాంతిని వెదజల్లుతుంది. 350 నుంచి లెక్కవేస్తే సరిగ్గా 397 వస్తుంది. ఉత్తేజ తరంగదైర్ఘ్యం మార్చి చూడండి. శిఖరం కూడా దానితో పాటు జరిగితే రామన్, కదలకుండా ఉంటే రంజకం. 700 దగ్గర ఇంకో శిఖరం కనిపిస్తే అది 350కి రెట్టింపు, పరికరం గ్రేటింగ్ చేసే మాయ. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకుంటాం, అయినా ఈ శిఖరాన్ని కార్బన్ డాట్ల ఖాతాలో రాసిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి.

క్వాంటం యీల్డ్ తప్పకుండా చెప్పాలా?

క్వాంటం యీల్డ్ అంటే మింగిన కాంతి కణాల్లో ఎన్నో వంతు వెలుగై తిరిగొచ్చిందన్న లెక్క. పలచని ద్రావణానికైతే చెప్పండి. పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ సల్ఫేట్ విలువ 0.54, దానితో పోల్చాలి. శోషణ 0.1 కన్నా తక్కువ ఉండాలి. మసకగా ఉన్న జెల్‌కు ఈ పోలిక పనికిరాదు, ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని దిక్కుల వెలుగునూ పట్టే గోళం) దొరికితేనే చేయండి. దొరకకపోతే సాపేక్ష తీవ్రత అని నిజాయితీగా రాసుకోండి.

## వాడకం, వైవా, నిల్వ

చేతికి గాయమైంది, మా జెల్ పూసి చూడొచ్చా?

వద్దు, మీదే అయినా సరే. చైటోసాన్‌తో చేసిన రక్తం ఆపే పట్టీలు మార్కెట్లో ఉన్న మాట నిజం. అవి శుద్ధి చేసి, పరీక్షలన్నీ దాటినవి. మీ బీకరులోని దానిలో మిగిలిన పెరియోడేట్ ఉండొచ్చు, సూక్ష్మజీవులు ఉండొచ్చు. ముందు కణాల మీద పరీక్ష, తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ తర్వాతే ఇంకేమైనా.

ఇమీన్ ఏర్పడిందని ఐఆర్‌లో 1640 చూపిస్తే వైవాలో ఒప్పుకుంటారా?

తెలిసిన ఎగ్జామినరైతే ఒప్పుకోరు. ఎమైడ్, నీటి వంపు కంపనం రెండూ అక్కడే వస్తాయి. జెల్‌ను బాగా ఆరబెట్టి, విడి పాలిమర్లతో పోల్చి చూపండి. చిన్న నమూనా అణువులతో ఎన్ఎంఆర్ వర్ణపటం తీస్తే ఆల్డిహైడ్ ప్రోటాన్ 9 నుంచి 10 పీపీఎం మధ్య తగ్గి, 8 పైన ఇమీన్ ప్రోటాన్ లేవడం కనబడుతుంది. అన్నిటికన్నా తేలిక, ఆమ్లం పోసి కరిగించి, క్షారంతో మళ్ళీ గట్టిపరిచి చూపడం. ఎగ్జామినర్ల ముందు నేను పదిసార్లు చేశాను, ఒక్కసారి కూడా టెన్షన్ పడలేదు.

మే నెలలో జెల్ రెండు రోజులకే ఎండి అప్పడమైపోతోంది.

తిరుపతి ఎండకు మనమే ఆగలేం, 90 శాతం నీళ్ళున్న జెల్ ఎలా ఆగుతుంది? గాలి చొరని డబ్బాలో, పక్కన తడి దూది పెట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకులు వలను చీల్చేస్తాయి. కొంచెం గ్లిజరాల్ కలిపితే నీళ్ళు నిలుస్తాయి, కానీ అతుకు తగ్గవచ్చు, కొలిచి చూసుకోండి. రోజులు గడిచేకొద్దీ జెల్ గోధుమ రంగుకు తిరిగితే పక్క చర్యలు మొదలైనట్టు, దానితో వెలుగు కొలవొద్దు. రెండు ద్రావణాలను విడివిడిగా దాచుకుని, పరీక్ష రోజు పొద్దున్నే కలుపుకోవడం ఉత్తమం. ఆక్సీకరించిన డెక్స్‌ట్రాన్‌ను మాత్రం పొడిగానే దాచండి, ద్రావణం చేసి వారాల తరబడి ఉంచితే దాని ఆల్డిహైడ్లు తగ్గిపోతాయి.

డబ్బా మీద తేదీ రాయండి. పేరు కూడా. మా ఫ్రిజ్‌లో ఎవరివో తెలియని తొమ్మిది డబ్బాలున్నాయి, నాలుగు ఇంకా వెలుగుతున్నాయి.